చావింటి నీళ్లు

తిరుమలగిరి బస్సు వచ్చే వేళకు వెంకటయ్య వాల్వు గుంతలో మోకాళ్ల దాకా దిగి ఉన్నాడు. ఇనుప పానా తిప్పీ తిప్పీ కుడి అరచేయి చెప్పుతోలులా గట్టిపడింది. ఎడమ బొటనవేలికి గోరే లేదు. ఇరవై ఆరేళ్లుగా ఊరికి నీళ్లు వదిలేది అతనే. ఏ వీధికి ఎన్ని చుట్లు తిప్పాలో కాగితం మీద లేదు, ఆ చేతికే తెలుసు.

సూర్యాపేట పెరిగి పెరిగి ఊరి మీదికొచ్చింది. పత్తిచేలు ప్లాట్లయ్యాయి, మూడొందల ఇండ్లు పన్నెండొందలయ్యాయి. పంచాయతీ పోయి మున్సిపాలిటీ వచ్చింది. ట్యాంకు మాత్రం పాతదే. దానికి రంగేసి కొత్త పేరు రాశారు, అభివృద్ధి అంతటితో సరి. రోజూ వచ్చే నీళ్లు మూడు రోజులకో వంతయ్యాయి.

ఆ ఉదయం దిగువ వీధిలో అచ్చమ్మ చనిపోయింది. వంతు కాకపోయినా వెంకటయ్య ఆ వీధి వాల్వు విప్పాడు. శవానికి స్నానం చేయించాలి, కాటి నుంచి వచ్చినవాళ్లు స్నానాలు చేయాలి. చావింటివాళ్లు వచ్చి అడిగేదాకా ఆగితే అతనికి తలవంపులు.

కొత్త కాలనీలో ధార సన్నబడింది. ఫోన్లు వెళ్లాయి. వార్డు ఆఫీసరు ప్రవీణ్ బండి మీద వచ్చాడు.

"ఎవలనడిగి ఇడిసినవ్, వెంకటయ్యా?"

"అచ్చమ్మ సచ్చిపోయింది సారూ. పీనుగుకు తానం పొయ్యాలె గదా."

"షెడ్యూల్ల గవన్ని ఉండయి. రేపటి సంది ఏజెన్సీ మనిషొస్తడు. నువ్వు రాకు."

వెంకటయ్య పానా అందించబోయాడు.

"గది నువ్వే ఉంచుకో. గుంతలకు తాళాలు ఏపిస్తున్నం."

సాయంత్రానికి ఇనుప మూతలు, తాళాలు పడ్డాయి. వెంకటయ్య రెండు ముద్దలు తిని చేయి కడుక్కున్నాడు. "ఇగ పొద్దుగాల్నే లేసుడెందుకే?" అన్నాడు భార్య సత్యమ్మతో.

తెల్లారి ఆమె టీ తెచ్చి పిలిస్తే పలకలేదు. ఒళ్లు చల్లబడి ఉంది.

ఎగువ వీధిలోని ఆ ఇంట్లో బిందెడు నీళ్లే ఉన్నాయి. అచ్చమ్మ కొడుకు రామ్మూర్తి పానా పట్టుకుని వాల్వు దగ్గరికి ఉరికాడు. తాళం చూసి ప్రవీణ్‌కు ఫోన్ చేశాడు.

"ఎగువ వీధి వంతు ఎల్లుండి" అన్నాడు ప్రవీణ్.

ఊరంతటికీ నీళ్లు వదిలిన మనిషికి దుకాణంలో కొన్న క్యాన్ల నీళ్లతో స్నానం చేయించారు. రామ్మూర్తి పానాను తెచ్చి అరుగు గోడకు ఆనించాడు. దాని మొనకంటిన దిగువ వీధి బురద అప్పటికే ఎండిపోయింది.