రెండో కడియం

అసిరయ్య కుంపటి బూడిదలోంచి ఇనుప ముక్కను పటకారుతో తీసి, అరచెయ్యి దగ్గరగా పెట్టి చూశాడు. చల్లారింది. లారీ కమాను పట్టీ ముక్క అది. ఎర్రగా కాల్చి రాత్రంతా బూడిదలో కప్పెడితే తప్ప కోతకు లొంగదు.

"ఇనుం ఉడికిందేటి? పోపెట్టమంటావా?" అంది భార్య లక్ష్మణమ్మ, అంట్లు తోముతూ.

"ఉప్పు సాల్లేదే," అని ఆయన పాకలోకి నడిచాడు.

పాకంతా ఇనుము కోసే మిల్లింగ్ మిషనే. ముప్పై నాలుగేళ్లు జూట్ మిల్లులో ఆయన పనిచేసింది దాని మీదే. మిల్లు మూతపడి సామాన్లు వేలానికి పెడితే, తుక్కువాళ్లతో పోటీపడి పాడుకుని తెచ్చుకున్నాడు. ట్రాక్టరు మీంచి దించుతుంటే నేల అదిరి, మూడిళ్ల అవతల దాలమ్మ కుండలో పాలు విరిగిపోయాయట. దాలమ్మ ఇప్పటికీ ఒట్టేసి చెబుతుంది. ఆ రోజు ఆవిడ ఇంట్లో పాలే లేవని మిగతా వీధంతా ఒట్టేస్తుంది.

తెచ్చాక బయటపడింది అసలు సంగతి. మిల్లులో ఉండేది మూడు ఫేజుల కరెంటు. ఇంట్లో ఉన్నది ఒక్కటే. సంబరంలో ఆ ఆలోచనే రాలేదు ఆయనకు. స్విచ్చి వేస్తే అంత మిషనూ దోమలా మూలిగి ఊరుకుంది. చివరికి ఎక్కడో మూలపడ్డ, ఒక్క ఫేజుతో నడిచే పిండిమర మోటారు తెచ్చి బెల్టు తగిలించాడు. నెల్లాళ్లపాటు మిషన్లోంచి చోడిపిండి రాలిందనీ, లక్ష్మణమ్మ దాంతోనే అంబలి కాచిందనీ ఎదురింటి చినబాబు ప్రచారం చేశాడు. మిల్లులో పక్క మిషను మీద పనిచేసినవాడే చినబాబు.

కూతురు ఉషకు పసితనంలో పోలియో సోకింది. ఎడమ కాలికి ఇనుప పట్టీల కాలిపర్ కట్టుకుని బడికి వెళ్లి, పిల్లలకు పాఠాలు చెబుతోంది. మోకాలికి రెండు పక్కలా రెండు ఇనుప కడియాలుంటాయి. లేచి నిలబడగానే అవి కీలు మీదికి జారి కాలు వంగకుండా పట్టుకుంటాయి. కిందటేడు వాటిని అసిరయ్యే చేశాడు. మిషను కట్టర్ మొద్దుబారిందని మెత్తని ఇనుముతో సరిపెట్టాడు. అవి అరిగిపోయి, మొన్న పిల్లలందరి ముందూ ఉష బోర్లా పడింది. ఇంటికొచ్చి గీరుకున్న మోచేతికి తనే పసుపు రాసుకుంది. అదే ఆయన్ను పట్టుకుంది.

"రేపు బడికెల్తావమ్మీ," అన్నాడు, మోటారు వేస్తూ.

మిషను ముసలిది. చక్రం తిప్పితే ముప్పావు చుట్టు ఉత్తినే తిరిగి, ఆ తర్వాతే బల్ల కదులుతుంది. ఆ ఖాళీ కూడా రోజుకో రకం. పొద్దుట ఒకలా, ఎండెక్కాక ఒకలా ఉంటుంది. కొలత లేదు. అరచేతికి తెలియాలి.

"దానికి పింఛనిచ్చీ బావా, నీకంటే పెద్దది," అన్నాడు చినబాబు, గుమ్మంలోంచి తొంగిచూసి.

"నువ్వు ముందు పుచ్చుకో, తరవాత దానికిద్దాం."

మధ్యాహ్నానికి మొదటి కడియం తయారైంది. నేల మీద కూర్చుని కూతురి కాలికి బయటివైపు తొడిగాడు. ఉష లేచి నిలబడింది. కడియం టక్కున కీలు మీద పడింది.

"జారతందేటమ్మీ?"

"నేదు నాన్నా."

"ఇంకొకటే."

అన్నం సగంలో లేచాడు. ఎడమ భుజం లాగుతోంది. చక్రం బరువు అనుకున్నాడు.

పాకలో మళ్లీ కోత మొదలైంది. లక్ష్మణమ్మ బియ్యం చెరుగుతోంది. కాసేపటికి చాట ఆపి కేకేసింది.

"ఏటయ్యా, గాలిని కోస్తన్నావా?"

బెల్టు తిరుగుతూనే ఉంది. ఇనుము అరుపు లేదు. ఉష గోడ పట్టుకుని, ఒక్క కడియం మీద పాకలోకి వెళ్లింది. ఆయన స్టూలు మీదే ఉన్నాడు. నుదురు బల్ల అంచుకు ఆనింది. చెయ్యి చక్రం మీద ఉంది. ఉష ముందు స్విచ్చి ఆపింది, తిరిగే కట్టర్ నాన్నకు ఎక్కడ తగులుతుందోనని. ఆ తర్వాత పిలిచింది.

మర్నాడు నాన్నను ఎత్తేటప్పుడు ఉష గుమ్మంలో నిలబడింది. లోపలివైపు కీలును చీరపేలికతో బిగించి కట్టుకుంది. పాడె వీధి మలుపు తిరిగేదాకా కాలు వంగలేదు.

పదకొండో నాడు చినబాబును పాకలోకి పిలిచింది.

"ఆ రెండో కడియం పూర్తి సేస్తావా మావయ్యా?"

చినబాబు చక్రం మీద చెయ్యేశాడు. కొద్దిగా తిప్పాడు. ఆగాడు. మళ్లీ తిప్పబోయి చెయ్యి తీసేశాడు.

"ఖాళీ నా సేతికి అందడం నేదమ్మా. ముక్క పాడుసేసెస్తాను."

"అయితే ఉండనీ."

ముక్క బిగింపులో అలాగే ఉంది. సగందాకా గాడి. అక్కణ్నుంచి చివరిదాకా ఆయన సూదిమొనతో గీసిన గీత.