పెద్దమ్మ అందించిన వైర్లు

నలభై దాటినా ఇంట్లో ఆమెను అందరూ చిన్నది అనే పిలుస్తారు. పెద్దనాన్న దగ్గరే పని నేర్చుకుని, ఆయన రిపేరు కొట్లోనే, ఆయన పక్క బల్ల మీద పదిహేనేళ్లుగా పని చేస్తోంది. కొట్టు పేరెత్తి ఎవరైనా ఒక్క మాట అంటే చాలు, కోపం ముక్కు మీదికొచ్చేస్తుంది. అందుకే ఆ మధ్యాహ్నం జులపాల గిటారిస్టు తన ఎలక్ట్రిక్ గిటారుతో మళ్లీ గుమ్మంలో ప్రత్యక్షం కాగానే ఆమె మొహం ముడుచుకుంది.

వారం క్రితం పెద్దనాన్న బాగు చేసి ఇచ్చిన గిటారే అది. వైరు గుచ్చే సాకెట్టు ఊడిపోతే కొత్తది వేశాడు. అప్పటి నుంచి గుయ్యిమని ఒకటే మోతట. మామూలుగా తీగల మీద చెయ్యి వేస్తే ఆ మోత తగ్గాలి. ఇది చెయ్యి పడితే ఇంకా రెచ్చిపోతోందట. తనంటేనే పడనట్టు అరుస్తోందని గిటారిస్టు మొర పెట్టుకున్నాడు.

చిన్నది నమ్మలేదు. పెద్దనాన్న చేతిపనికి వంక పెట్టేవాడు ఇంకా పుట్టలేదని ఆమె ఉద్దేశం. వాయించడం రాక కొట్టు మీద పడ్డాడని అతనికి వినపడేలాగే గొణిగి, స్క్రూలు విప్పి సాకెట్టు పలక పైకెత్తింది.

సోల్డరింగు చూడముచ్చటగా ఉంది. ఆవగింజంత బొట్టు, నున్నగా, ఎక్కడా పొంగకుండా. కాకపోతే రెండు వైర్లూ ఒకదాని చోట ఒకటి ఉన్నాయి. శబ్దాన్ని మోయాల్సిన ఎర్ర వైరు ఎర్త్ చోట, ఎర్త్‌కి పోవాల్సిన ఆకుపచ్చది ఎర్రదాని చోట. తొందరలో జరిగిన తప్పు కాదది. తీరిగ్గా, శ్రద్ధగా చేసిన తప్పు. అదే ఆమెకు మింగుడు పడలేదు.

పక్క బల్ల దగ్గర పెద్దనాన్న టేబుల్ ఫ్యాను విప్పుకుని కూర్చున్నాడు. ఆయన పక్కన స్టూలు ఖాళీగా ఉంది. నలభై ఏళ్లు పెద్దమ్మ ఆ స్టూలు మీదే కూర్చుంది. ఒళ్లో వైర్ల డబ్బా పెట్టుకుని, ఇదిగో ఎర్రది, ఇదిగో ఆకుపచ్చది అంటూ ఒక్కోటీ ఆయన చేతికి అందించేది. పెళ్లాం అందిస్తే గానీ ఈయనకు చెయ్యి ఆడదని వీధి వీధంతా వేళాకోళం చేసేది. ఆయన నవ్వి ఊరుకునేవాడు. పెద్దమ్మ పోయి రెండు నెలలైంది.

చిన్నది సాకెట్టు నుంచి ఆ రెండు వైర్లూ ఊడదీసి, గిటారు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"పెద్దనాన్నా, ఇందులో ఎర్రది ఏది?"

ఆయన కళ్లజోడు సవరించుకుని వైర్లను చాలాసేపు చూశాడు. తర్వాత వాటిని వదిలేసి ఆమె మొహంలోకి చూశాడు, జవాబు అక్కడేమైనా దొరుకుతుందేమోనని. ఆమె కళ్లు కూడా కదపలేదు.

"నాకు పుట్టినప్పట్నుంచీ రెండూ ఒకలాగే కనిపిస్తాయే," అన్నాడు చివరికి. "మీ పెద్దమ్మకొక్కదానికే తెలుసు. బయటికి చెబితే నాకు పనెవరిస్తారు?"

చిన్నదానికి ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఆ రెంటినీ తోసేసి ఇంకో సంగతి గుర్తొచ్చింది. తన ఇంట్లో వేణ్ణీళ్ల హీటరు ప్లగ్గు కాలిపోతే, ఆ పొద్దున ఆయనే కొత్తది బిగించి వచ్చాడు. గిటారులో ఈ తప్పు జరిగితే మోత వస్తుంది, అంతే. ప్లగ్గులో జరిగితే కరెంటు నేరుగా హీటరు ఒంట్లోకి, అక్కడి నుంచి కుళాయిలోకి వస్తుంది.

అప్పటికి నాలుగున్నర. తన కూతురు ఆట ముగించుకుని ఇల్లు చేరే వేళ. వచ్చీ రాగానే బురద కాళ్లతో స్నానాల గదిలో దూరుతుంది. చిన్నది ఫోను చేసింది. అది మోగి మోగి ఆగిపోయింది.

స్క్రూడ్రైవరు చేతిలో ఉండగానే పరిగెత్తింది. ఇల్లు రెండు వీధుల అవతలే. ఆ రెండు వీధులూ ఎంతకీ తరగలేదు. గుమ్మంలో కూతురి బూట్లున్నాయి. స్నానాల గది తలుపు వేసి ఉంది. లోపల ఏ చప్పుడూ లేదు. నేరుగా మీటరు పెట్టె దగ్గరికి పోయి మెయిన్ స్విచ్ దించేసింది. ఫ్యాను తిరగడం ఆగిపోయేదాకా అలాగే నిలబడింది.

"అమ్మా, కరెంటు పోయింది," అని లోపలి నుంచి విసుగ్గా వినిపించింది. "నేనింకా కుళాయి కూడా తిప్పలేదు."

చిన్నది కూతుర్ని బయటికి పిలిచింది. హీటరు ప్లగ్గు విప్పి చూసింది. స్క్రూలు పొందిగ్గా, గట్టిగా బిగించి ఉన్నాయి. ఎర్రది ఎర్త్‌లో ఉంది.

పెద్దనాన్న ఆయాసపడుతూ వచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. ఆమె చేతిలో విప్పిన ప్లగ్గు చూసి తల దించుకున్నాడు. నాలుగు తిట్టాలని ఆమెకు ఎంతగానో అనిపించింది. తిట్టడానికి టైము లేదు.

"పెద్దమ్మ పోయాక ఇంకా ఎవరెవరివి చేశావు?"

"అన్నీ తప్పుండవులే," అన్నాడాయన మెల్లగా. "సగమైనా సరిగ్గా పడుంటాయి."

"ఏ సగం?"

ఆయన వేళ్లు మడుస్తూ మొదలుపెట్టాడు. ఎదురింటి వాళ్ల ఇస్త్రీపెట్టె. బడిలో నీళ్ల మోటారు. నర్సమ్మ ఇంట్లో హీటరు. దర్జీ వాళ్ల కుట్టు మిషను. పసిపిల్లల్ని చూసుకునే ఆవిడ దగ్గర నీళ్లు కాచే కెటిల్. ఒక చెయ్యి అయిపోయింది. ఆయన రెండో చెయ్యి ఎత్తాడు.