జగాయెలో ఆరుగంటల సభ

మా జగాయెలో ఆరుగంటలకు సభ అంటే ఆరున్నరకు అని అర్థం. పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతే అది. మండలాఫీసు నుంచి వచ్చే నోటీసులోనే రెండు టైములు వేసి ఉండేవి. ఊళ్లో ఓటున్నవాళ్లలో సగం మంది ఆరింటికి వస్తే సభ అప్పుడే మొదలు. రాకపోతే అరగంట ఆగాలి. ఆ తర్వాత ముగ్గురున్నా సభే, ముప్పయిమందున్నా సభే. అలాంటప్పుడు ఆరింటికే వెళ్లి కూచునే వెర్రివాడెవడు? ముందు వెళ్లినవాడి చేతిలో పెన్ను పెట్టి సభ వివరాలు రాయమంటారు. లేకపోతే ఏదో ఒక కమిటీలో ఇరికిస్తారు. పైగా ఇంట్లో పనీపాటా లేదు కాబోలు అని నలుగురూ అనుకుంటారు.

అందుకని ఆరింటికల్లా ఊరంతా సభ జరిగే ఫైరు షెడ్డు బయటికి చేరేది. లోపలికి మాత్రం ఎవరూ వెళ్లేవాళ్లు కాదు. మగాళ్లు గోడకు ఆనుకుని సిగరెట్లు కాల్చేవాళ్లు. ఆడవాళ్లు పాలక్యాన్లు పెట్టే చెక్క అరుగు మీద వరసగా కూచునేవాళ్లు. లోపల తెయోఫిలా అత్త ఒక్కతే బల్ల ముందు కూచుని కిటికీలోంచి మమ్మల్ని చూస్తూ ఉండేది. మేమూ ఆవిణ్ణి చూస్తూ ఉండేవాళ్లం. అరగంట గడిచిపోయేది. అంత హాయైన అరగంటలు ఇప్పుడు డబ్బిచ్చినా దొరకవు.

ఆ షెడ్డులో ఫైరింజను ఎప్పుడూ లేదులెండి. చేత్తో కొట్టే పంపు ఒకటుండేది. ఒకసారి పండక్కి సరదాగా దాన్ని కొడితే, మూడు కిలోమీటర్ల అవతల బొరూవ్కాలో ఆరేసుకున్న బట్టలన్నీ తడిసిపోయాయి. నమ్మకపోతే మీ ఇష్టం. బొరూవ్కావాళ్లు ఇవాళ్టికీ అది వానే అంటారు.

తెయోఫిలా అత్త మా సోవ్తిస్, అంటే ఊరి పెద్ద. పంతొమ్మిదేళ్లు ఆవిడే. ఆవిడ గేటుకు ఎర్రటి రేకు మీద తెల్లక్షరాలతో ఆ మాట రాసి ఉండేది. దుక్కి పోటీలో గెలిచిన రైతు కూడా తన పతకాన్ని అంత శ్రద్ధగా తుడుచుకోడు. ఆదివారం చర్చికి వెళ్లే ముందు చేతిరుమాలు తడిపి ఆ రేకు తుడిచేది. ఎవరి ఆవు ఈనినా, ఎవరింట గొడవైనా, ఎవరికి సంతకం కావాలన్నా ముందు ఆ గేటు దగ్గరికే వెళ్లాలి. ఊరు తప్ప ఆవిడకు ఇంకెవరూ లేరు. మొగుడు తొందరగా పోయాడు, పిల్లలు కలగలేదు. జగాయె అంటే పద్దెనిమిది గడపలు. ఆ పద్దెనిమిదీ తన సొంత గడపల్లాగే చూసుకునేది.

నేను చెప్పేది తొంభైమూడో సంవత్సరం మే నెల సంగతి. ఊదారంగు సిరింగా పూలకు కొమ్మలు వంగిపోయి ఊరంతా ఒకటే వాసన. తేనెటీగలు పూల దగ్గర క్యూ కట్టేవంటే అబద్ధం కాదు.

ఆ మేలోనే మండలాఫీసువాళ్లు చిన్న ఊళ్లను పెద్ద ఊళ్లలో కలిపేద్దామని తీర్మానం చేశారు. మమ్మల్ని బొరూవ్కాలో కలుపుతారట. మా సోవ్తిస్ పదవి పోతుంది, మా బోర్డు పోతుంది, బస్సు స్టాపుకు కూడా బొరూవ్కా రెండు అని పేరు పెడతారట. ఊళ్లో ఓటున్నవాళ్లు నలభైముగ్గురు. వాళ్లలో సగానికి పైగా, అంటే ఇరవైరెండుమంది, సభలో చెయ్యెత్తి వద్దంటేనే ఆగుతుంది. ఆ నోటీసులో ఒకటే టైము వేసి ఉంది. ఆరింటికి. రెండోది లేదు.

ఈ మాట తెయోఫిలా అత్త గడప గడపకూ తిరిగి రెండేసిసార్లు చెప్పింది. మేం తలూపాం. ఒక్కరమూ నమ్మలేదు. తప్పు మాది మాత్రమే కాదులెండి. రెండేళ్ల కింద రోడ్డు కంకర సభకు కూడా ఆవిడ ఇలాగే, రెండో టైము లేదు, త్వరగా రండి అని అబద్ధం చెప్పి మా అందర్నీ ఆరింటికే లాక్కొచ్చి కూచోబెట్టింది. ఆరోజు నా చేతిలోనే పెన్ను పెట్టారు. నాకు రాయడం అంతంతమాత్రం. కాగితం మీద నేను చేసిన పని చూసి మండలాఫీసువాళ్లు అది ఊరి మ్యాపు అనుకుని బీరువాలో దాచుకున్నారు.

సరే, ఆ సాయంత్రం ఆరింటికి మండలాఫీసు నుంచి కొర్నేలియా గారు చిన్న కారులో దిగింది. పాతికేళ్ల పిల్ల. సన్నటి కళ్లజోడు, చంకలో ఫైలు. గోడ దగ్గరున్న మా అందరికీ నమస్కారం పెట్టి లోపలికెళ్లింది. మేం టోపీలు ఎత్తాం, కదల్లేదు. కిటికీలోంచి అంతా కనిపిస్తూనే ఉంది. ఆవిడ గడియారం చూసి ఏదో చెప్పింది. తెయోఫిలా అత్త లేచి బయటికొచ్చింది.

పదిహేను నిమిషాలే టైమని చెప్పింది అత్త. ఆరుంబావుకు హాజరు పుస్తకం మూసేస్తారట, రానివాళ్లంతా కలపడానికి ఒప్పుకున్నట్టే లెక్కట. మేం ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వాం.

"అత్తా, కంకరనాడు కూడా ఇదే పాట పాడావు," అన్నాను నేను. "ఈసారి పెన్ను వేరేవాళ్లకిచ్చేదాకా నేను రాను."

అందరూ ఇంకాస్త గట్టిగా నవ్వారు. ఆవిడ తిట్టలేదు. తిట్టి ఉంటే నమ్మేవాళ్లమేమో. మా మొహాలు ఒక్కొక్కటే చూసింది, గోడ మొదట్నుంచి పాలక్యాన్ల అరుగు చివరిదాకా. లోపలికెళ్లిపోయింది.

తర్వాత జరిగింది నేను ముప్పయ్యేళ్లుగా చెబుతున్నాను. చెప్పినప్పుడల్లా ఆ బల్ల కాస్త బరువెక్కుతోందని మా ఆవిడ మల్వీనా అంటుంది. అయినా చెబుతాను. ఆ షెడ్డులో ఓక్ కర్ర బల్ల ఒకటుండేది. పెళ్లిళ్లకు దాన్ని జరపాలంటే నలుగురు మగాళ్లు కావాలి. అంత బల్లనూ డెబ్బయ్యేళ్ల ఆడమనిషి ఒక్కతే ఎత్తి గుమ్మం దాటించింది. అవతల మూల కొర్నేలియా గారు ఓ చెయ్యి వేసిన మాట నిజమే. అది చెబితే కథ పలచబడుతుందని చెప్పను. బల్ల తెచ్చి సరిగ్గా మా ముందు, రోడ్డు మధ్యలో పెట్టింది. మళ్లీ లోపలికెళ్లి హాజరు పుస్తకం, సిరా, కుర్చీ తెచ్చింది.

కొర్నేలియా గారు సందేహంగా, సభ షెడ్డులోనే జరగాలి కదా అంది.

"నోటీసులో జగాయెలో అని ఉందమ్మా," అంది తెయోఫిలా అత్త. "ఇదీ జగాయే. ఇంకో పది నిమిషాలపాటు."

ఆ పిల్ల నోటీసు తీసి చదువుకుంది. కళ్లజోడు సర్దుకుని కుర్చీలో కూచుంది. బస్సు ఒకటి వచ్చి ఆగి హారను కొట్టింది. ఎవరూ పట్టించుకోకపోయేసరికి డ్రైవరు ఇంజను ఆపి కిటికీలోంచి తల పెట్టి చూడ్డం మొదలెట్టాడు. అప్పుడు కొర్నేలియా గారు నిబంధన పైకి చదివింది. ఒకే టైము, రెండోది లేదు. కంకరనాడు ఇదే మాట చెప్పిన అత్త గొంతులో నవ్వుంది. ఈ పిల్ల గొంతులో లేదు. గోడ దగ్గర సిగరెట్లు ఒక్కొక్కటీ కిందపడ్డాయి.

మొదటి అడుగు నేనే వేశానని చెప్పాలని ఉంది. నిజానికి మల్వీనా వెనకనుంచి తోసింది. బల్ల దగ్గరికెళ్లి పేరు రాయించుకుని చెయ్యెత్తాను. నా వెనక మిగతావాళ్లూ వచ్చారు. ఆడవాళ్లు అరుగు దిగారు. కొర్నేలియా గారు ఒక్కొక్కరినీ లెక్కపెట్టింది. రెండుసార్లు లెక్కపెట్టింది. ఇరవైఒకటి.

మిగతావాళ్లు కొందరు పట్నంలో షిఫ్టుకెళ్లారు, కొందరు జబ్బుతో మంచాన ఉన్నారు, ఇద్దరు చుట్టాలింట పెళ్లికి పోయారు. అందుబాటులో ఉన్నది ఒక్కడే. వలెంటి.

వలెంటి రోడ్డవతల తన దడి దగ్గర గుర్రాన్ని రుద్దుతున్నాడు. అంతా వింటూనే ఉన్నాడు. వాడి ఇల్లు సరిగ్గా హద్దు మీదుండేది. మంచం జగాయెలో, పొయ్యి బొరూవ్కాలో. పొద్దున్నే లేచి టీ తాగాలంటే పక్కూరికి పోవాలి. ఓటు మాత్రం మంచం ఉన్న వైపే. పదకొండేళ్ల కింద సోవ్తిస్ ఎన్నికల్లో తెయోఫిలా అత్త మీద ఒక్క ఓటు తేడాతో ఓడిపోయాడు. ఆనాటినుంచి ఆవిడతో మాట్లాడ్డు. ఏదైనా చెప్పక తప్పకపోతే గుర్రానికి చెబుతాడు. పైగా బొరూవ్కా సోవ్తిస్ వాడి బావమరిది. ఊళ్లు కలిస్తే వాడికి లాభమేగాని నష్టం లేదు.

ఆరూ పదకొండు నిమిషాలు. తెయోఫిలా అత్త రోడ్డు దాటింది. మేమంతా మెడలు సాచి చూశాం. బస్సులోవాళ్లు కూడా.

"ఏం కావాలటే ఈవిడకి?" అని గుర్రాన్నడిగాడు వలెంటి.

అత్త కూడా గుర్రం వైపే తిరిగింది. "ఒక చెయ్యి కావాలని చెప్పు. ఊరికే అడగడం లేదు. వచ్చే ఎన్నికల్లో నేను నిలబడను. ఆ ఎర్ర రేకు తీసుకెళ్లి తన గేటుకు కొట్టుకోమను. ఊరుంటే చాలు నాకు."

ఆ రేకు ఆవిడ ప్రాణమని మాకందరికీ తెలుసు. వలెంటికి ఇంకా బాగా తెలుసు. వాడు బ్రష్షు ఆపేశాడు. గుర్రం మెడ మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. నా గడియారం ప్రకారం గంటన్నర, కొర్నేలియా గారి గడియారం ప్రకారం ఒక నిమిషం.

అప్పుడు పదకొండేళ్ల తర్వాత మొదటిసారి ఆవిడ మొహంలోకి చూసి మాట్లాడాడు.

"నీ రేకు నాకెందుకే. ఎన్నికల్లో నేను నిన్ను ఓడించాలిగాని, నువ్వు జాలిపడి ఇస్తే తీసుకుంటానా?" అన్నాడు. బ్రష్షు దడి మీద పెట్టి, "బొరూవ్కాలో నేనెవడ్ని? అక్కడ నేను ఓడిపోయిన సంగతి కూడా ఎవడికీ తెలీదు. ఇక్కడైతే పసిపిల్లాడు కూడా చెబుతాడు, ఒక్క ఓటుతో పోయిందని," అన్నాడు.

"నేను రోజూ చెబుతూనే ఉంటాగా," అంది తెయోఫిలా అత్త.

"చెప్తావ్, తెలుసు."

వాడు దడి చుట్టూ తిరిగి గేటులోంచి రాలేదు. నేరుగా దడి దాటాడు. అరవైయేడేళ్ల మనిషి దడి దూకాడంటే మీరు నవ్వుతారు. ఓ కర్ర విరిగిన మాట వాస్తవం, ప్యాంటు చిరిగిన మాటా వాస్తవం. బల్ల దగ్గరికొచ్చి పేరు చెప్పాడు. మీ ఇల్లు ఏ ఊళ్లో ఉందని కొర్నేలియా గారు అడిగింది. నేను పడుకునేది ఎక్కడో అదే నా ఊరన్నాడు వలెంటి. ఆ పిల్ల కాస్త ఆలోచించి ఓటర్ల జాబితా తిప్పింది. వాడి పేరు మా పేజీలోనే ఉంది. వలెంటి చెయ్యెత్తాడు. ఎంత ఎత్తుకు ఎత్తాడంటే, అప్పుడే పైనుంచి పోతున్న కొంగ దారి మళ్లించుకుంది.

ఆరూ పధ్నాలుగుకు కొర్నేలియా గారు పుస్తకంలో రాసింది. బస్సు డ్రైవరు చప్పట్లు కొట్టాడు. ప్రయాణికులు కొందరు దిగి మాతో కలిశారు. బల్లను ఎవరూ లోపలికి మోసుకెళ్లలేదు. అసలు నలుగురం పట్టినా కదల్లేదు. మల్వీనా ఇంటికెళ్లి రై రొట్టె, పందికొవ్వు, ఉప్పుదోసకాయలు పట్టుకొచ్చింది. తలా ఒకటి తెచ్చారు. రోడ్డు పక్క సిలువ దగ్గర మే నెల భక్తిపాటలకు వెళ్లాల్సిన ఆడవాళ్లు ఆరోజు ఆలస్యంగా వెళ్లారు. రొట్టె నములుతూనే పాడారు. దేవుడు ఏమీ అనుకుని ఉండడు.

ఇప్పుడు ఆ ఇరవైరెండుమందిలో ఏడుగురం మిగిలాం. పద్దెనిమిది గడపల్లో పొగ వచ్చేవి ఆరు. పాలక్యాన్లు ఎవరూ బయట పెట్టడం లేదు, ఆ అరుగు కూడా లేదు. బస్సు వారానికి రెండుసార్లు. వలెంటి ఆ తర్వాత జరిగిన ఎన్నికల్లో మళ్లీ అత్త మీదే నిలబడి ఈసారి రెండు ఓట్లతో ఓడాడు. అందులో ఒకటి నాదే, ఇప్పుడు చెప్పినా ఫరవాలేదు. తెయోఫిలా అత్త పోయినప్పుడు శవపెట్టె ముందువైపు మోసింది వాడే.

ఆ సాయంత్రం మాత్రం కొర్నేలియా గారు పుస్తకం మూసి సంచీలో పెట్టుకోబోతుంటే తెయోఫిలా అత్త ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"ఆ చివర రాసింది ఒక్కసారి చదవమ్మా."

కొర్నేలియా గారు చదివింది. జగాయె గ్రామం ఇకముందు కూడా వేరుగానే ఉంటుంది అని.

"ఇంకోసారి," అంది అత్త.

మళ్లీ చదివింది. ఈసారి మేం నమలడం ఆపాం. మూడోసారి ఎవరూ అడగలేదు. కొర్నేలియా గారు కళ్లజోడు తుడుచుకుని, తనంతట తానే చదివింది.