అద్దం వెనక ఎండ

పుట్టగొడుగులకు రోజూ ఎండ చూపించారు. ఆమెకు చూపించలేదు. ఇందులో వాదనకు చోటు లేదు.

ఆ ఉదయం అతడు ఎప్పటిలాగే మేడ మీదికి మోయాల్సిన ట్రేల కోసం పుట్టగొడుగుల షెడ్డు గుమ్మంలో నిలబడ్డాడు. లోపల చీకటి. తడిగడ్డి, ఎరువు కలిసిన వాసన. అరల మధ్య ఆడవాళ్లు నెత్తిన దీపాలు కట్టుకుని కోత కోస్తున్నారు. మనుషులు కనపడరు, దీపాలే కదులుతుంటాయి. అన్నిటికంటే నింపాదిగా కదిలేది అతడి భార్య దీపం. ఆమె పుట్టగొడుగును రెండు వేళ్లతో పట్టి, కాస్త మెలితిప్పి, మచ్చ పడకుండా తీస్తుంది. షెడ్డులో అందరూ ఆమెను మెత్తచెయ్యి అంటారు.

చీకట్లోంచి దగ్గు వినిపించింది. అతడు ఊపిరి బిగబట్టాడు.

"నేను కాదులేవయ్యా," అంది ఆమె లోపలినుంచి. "ఎవరు దగ్గినా నువ్వక్కడ బిగుసుకుపోతే ట్రేలెవరు మోస్తారు?"

పక్క వరసలో కోస్తున్న పడుచుపిల్ల నవ్వింది. "బావగారూ, మీరేమో మేడ మీద ఎండకి బొగ్గులా అయ్యారు, అక్కేమో పుట్టగొడుగులా తెల్లబడింది. ఇద్దర్నీ పక్కన నిలబెడితే చదరంగం బల్లే!"

అందరూ నవ్వారు. అతడికి నవ్వు రాలేదు. ఊళ్లో దగ్గుజ్వరం తిరుగుతోంది. పక్క షెడ్డులో కోసే మనిషిని మొన్న ఆస్పత్రికి మోసుకెళ్లారు. ఇంకా తిరిగి రాలేదు.

చలి మొదలవకముందు ఆమెకు ఎముకలు సలుపుతుంటే రక్తపరీక్ష చేయించారు. విటమిన్ డి అడుగంటిందని డాక్టరు చెప్పాడు. "వారానికో గోళీ వేసుకోండి, ఎండలో కూర్చోండి. ఇది తక్కువున్నవాళ్లని ఈ దగ్గుజ్వరాలు పట్టే ముప్పు కాస్త ఎక్కువమ్మా," అన్నాడు. ఆ మాట అతడి గుండెలో ముల్లులా దిగింది. పీకితే రాలేదు.

ఎండలో కూర్చోవడం ఎలా? బయట అడుగుపెట్టినవాళ్లు మళ్లీ షెడ్డులోకి రావాలంటే కాళ్లూ చేతులూ కడుక్కుని బట్టలు మార్చుకోవాలి. పంటకు తెగులు అంటుకుంటుందని భయం. అందుకని కోతవాళ్లను పొద్దుగుంకేదాకా బయటికి వదలరు. అతడు అప్పుడే మేస్త్రీ దగ్గరికి వెళ్లాడు.

"మా ఆవిడని మేడ మీద పనికి వెయ్యండి, మేస్త్రీ గారూ. నేను కిందికి దిగుతాను."

"మెత్తచెయ్యిని మేడెక్కించి మీచేత కోయించనా? మీ చెయ్యి పడితే అది పుట్టగొడుగు కాదు పెద్దాయనా, పిండే." మేస్త్రీ భుజం తట్టాడు. "షెడ్డులోపలి భోజనాల గదిలో గోడంత అద్దం కిటికీ ఉంది కదా, అక్కడ కూర్చోమనండి. ఎండకి ఎండ, చలిగాలీ తగలదు."

అప్పుడతడు చేతులు జోడించాడు. కుర్చీ తనే మోసుకెళ్లి అద్దం ముందు వేశాడు. ఆ చలికాలమంతా ఆమె అన్నం తిన్నాక రవిక చేతులు మోచేతులపైకి మడుచుకుని అక్కడే కూర్చుంది. గోళీలు కడుపులో తిప్పుతున్నాయని మానేసింది. "ఎండుందిగా," అంది.

దగ్గు వినిపించిన ఆ రోజు మధ్యాహ్నం మేడ మీద ఈదురుగాలి లేచింది. అతడి పని తేలికైనదే. ట్రేలు పైకి మోసి, పుట్టగొడుగుల్ని వెల్లకిలా పరిచి, కింది మడతలకు ఎండ తగలనిచ్చి, మళ్లీ దించడం. అలా చేస్తే వాటిలో డి పుడుతుందట. ఆ పొట్లాల మీద సూర్యుడి బొమ్మ వేసి అమ్ముతారు. గాలికి ట్రేలు ఎగిరిపోయేలా ఉంటే, అతడు వాటిని మెట్ల దగ్గరున్న అద్దాల గదిలోకి మార్చాడు. అక్కడా ఎండ నిండుగానే పడుతోంది.

మేస్త్రీ మెట్లెక్కుతూనే అరిచాడు. "ఎవరు పెట్టమన్నారు ఇక్కడ? బయటికి తీయండి! అద్దం వెనక పెడితే డి రాదయ్యా!"

అతడి చేతిలో ట్రే ఆగిపోయింది. "ఎండ పడుతోంది కదండీ?"

"వెలుగొస్తుంది, వెచ్చదనమొస్తుంది. డి పుట్టించేది మాత్రం అద్దం దాటదు. ఈ పని మొదలెట్టినప్పుడే చెప్పారు మాకు."

"మరి మా ఆవిడ?"

మేస్త్రీ అతడి చేతిలో ట్రే అందుకున్నాడు. "మనుషుల సంగతి నేనాలోచించలేదు, పెద్దాయనా."

అతడు మెట్లు ఎలా దిగాడో అతడికే తెలియదు. భోజనాల గదిలో ఆమె అద్దంవైపు మొహం పెట్టి, కళ్లు మూసుకుని కూర్చుని ఉంది. తెల్లటి బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. ఎండ పడిందేమోనని ఒక్క క్షణం ఆశపడ్డాడు. చెయ్యి పట్టుకున్నాడు. పెనంలా కాలుతోంది.

"వెచ్చగా ఉంది కదూ," అంది ఆమె కళ్లు తెరవకుండానే. "ఎండ."

అతడు అద్దం సంగతి చెప్పలేదు. "లే, ఇంటికెళదాం," అన్నాడు.

"ఇంకాసేపు కూర్చోనీవయ్యా. ఇవాళ మంచి ఎండ." అని దగ్గింది. ఈసారి ఆమే.

సాయంత్రానికి మాట మాటకీ ఆగి ఊపిరి తీసుకుంది. ఆస్పత్రిలో ముక్కుకు గొట్టం పెట్టారు. షెడ్డులో తన దీపం మేకుకు తగిలించడం మరిచిపోయానని, రేపు ఎవరైనా తొక్కేస్తారని బెంగపడింది. తగిలిస్తానన్నాడు. ఆ వారం దాటకుండానే, అతడు మొహం కడుక్కుని వచ్చేలోపల ఆమె పోయింది.

డి ఉంటే బతికేదా అని అతడు డాక్టరును అడిగాడు. చెప్పలేమన్నాడు. ఉన్నవాళ్లకీ వస్తోంది, లేనివాళ్లూ లేచి తిరుగుతున్నారు, అదొక్కటే కారణమని ఎవరూ అనలేరన్నాడు. చదువుకున్నవాడు, అబద్ధం ఆడి ఉండడు. అతడికి ఆ మాట అక్కర్లేదు.

మేస్త్రీ ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "పెద్దాయనా, ఆ అద్దం విషయం..."

"ఆ మాట ఎత్తకండి. నేనూ ఎత్తను. ఎవరడిగినా ఎత్తను." తలుపు వేసుకున్నాడు.

ఎత్తలేదు. ట్రేలు మోస్తూనే ఉన్నాడు. ఆమె దీపం మేకుకు తగిలించాడు. భోజనాల గదిలో కుర్చీ మాత్రం కదపలేదు, ఎవరినీ కదపనివ్వలేదు. మధ్యాహ్నమయ్యేసరికి అద్దంలోంచి ఎండ వచ్చి ఆ ఖాళీ కుర్చీ నిండా కూర్చుంటుంది.