వాసన లేని మందు

ఎస్టేటు మేనేజరు మా వదిన చేతిలో ఒక ఆకు పెట్టాడు. ఆకు అని ఎందుకనాలి, ఈనెలే మిగిలాయి. వాటి మీద చారల పురుగు పెట్టిన ఎర్రటి పిల్ల పురుగులు ఇంకా తింటూనే ఉన్నాయి.

"చూసుకో నీ పనితనం," అన్నాడు. "కంపెనీ మందిస్తే కొట్టించుకోవడం కూడా చేతకాలేదు. ఒప్పందం ప్రకారం నీ కౌలు రద్దు. రేపట్నుంచి ఈ చేలో అడుగు పెట్టకు."

చుట్టూ మనుషులున్నారు. మందు కొట్టే కూలీలు, పక్క చేల కౌలుదార్లు, సెలవులకు వచ్చిన కాలేజీ పిల్లలు. ఒక్కరూ నోరు విప్పలేదు. నేను ట్రాక్టరు ట్రాలీ ఆపి దిగేలోపే మేనేజరు మనుషులు మోటారు షెడ్డుకు తాళం వేసేశారు. వదిన ఆ ఆకును పారెయ్యలేదు. గుప్పిట్లో పెట్టుకుని ఇంటిదారి పట్టింది.

మా అన్న పాత పురుగుమందుకు పోయాడు. ఏళ్ల తరబడి డబ్బా వీపున వేసుకుని కొట్టి కొట్టి, చివరికి మంచం మీద ఊపిరి అందక పోయాడు. అప్పటి నుంచి ఆ కౌలు చేనే వదినకు ఆధారం. బంగాళాదుంప వేస్తుంది. ఆ చేను పోతే ఆమె కూడా కూలికి రావాల్సిందే, ఆ డబ్బాయే మోయాల్సిందే.

అందుకే కొత్త మందు వచ్చినప్పుడు అందరికంటే ఎక్కువ సంతోషించింది ఆమే. కంపెనీ లాబ్‌లో పనిచేసే అమ్మాయి వచ్చి, నా ట్రాలీ అంచున కూర్చుని విడమరిచి చెప్పింది.

"ఇది విషం కాదండీ. పురుగు ఒంట్లో ఏ పని జరగాలన్నా దానికో జన్యువు ఉంటుంది. అది చెబితేనే పని జరుగుతుంది. ఈ మందు అలాంటి ఒక్క జన్యువు నోరు నొక్కేస్తుంది. ఆకుతో పాటు కడుపులోకి పోతుంది. పురుగు వెంటనే చావదు. ముందు తిండి మానేస్తుంది, తర్వాత పోతుంది. మీకు గానీ, తేనెటీగలకు గానీ ఏమీ కాదు."

"నోరు నొక్కడానికి మందు కూడా కనిపెట్టారన్నమాట," అన్నాడు డబ్బా మామ. "మా నోళ్లు మాత్రం ఏ మందూ లేకుండానే నొక్కేశారు కదమ్మా."

డబ్బా మామ మందు కొట్టే ముఠాకు మేస్త్రీ. జీవితమంతా వీపు మీద డబ్బాతోనే గడిచింది కాబట్టి ఆ పేరు. ఎత్తుకునే ముందు మూత తీసి ఒకసారి వాసన చూడటం ఆయన అలవాటు. కొత్త మందును కూడా చూశాడు. మంచినీళ్లలా ఉంది. ఆయన ముఖం చిట్లించడం నాకు గుర్తుంది.

చేను పోయిన మర్నాడు దుంపల గోదాంలో మీటింగు పెట్టాం. లాబ్ అమ్మాయి కూడా వచ్చింది. ముందు నేనే లేచాను.

"డ్రమ్ములు మోసేది నేను. చల్లగా ఉంచాలని ప్రతి డ్రమ్ము మీదా రాసుంది. చల్లగది నిండా యజమాని ఎగుమతి పూల పెట్టెలు. మందేమో రేకుల షెడ్డులో ఉడికిపోతోంది. మేనేజరుకు చెబితే, నీ పని నువ్వు చూసుకో అన్నాడు."

"ఎండకు మందు విరిగిపోతుంది," అంది లాబ్ అమ్మాయి. "చూడటానికి మాత్రం ఏ తేడా ఉండదు."

"ఇంకేం కావాలి, రేపే గేటు ముందు కూర్చుందాం," అన్నాడు కాలేజీ కుర్రాడొకడు.

"ఆగు బాబూ," అంది వదిన. "నా చేలో ఆకులు పరీక్ష చేయిస్తే పాత మందు బయటపడిందని మేనేజరు చెబుతున్నాడు. అది కలిపితే కౌలు రద్దని ఒప్పందంలో ఉంది. నేనైతే కలపలేదు. ఎవరు కలిపారు?"

డబ్బా మామ జేబులోంచి చిన్న సీసా తీసి నేల మీద పెట్టాడు.

"డబ్బాకి మూతెడు," అన్నాడు. "ముఠా అంతా కలిపాం. ఘాటు లేకపోతే అది మందని ఎవరు నమ్ముతారమ్మా? నీళ్లు కొట్టి పోయారంటారు."

"అన్నది మేమే," అని వెనక నుంచి ఒక కౌలుదారు గొణిగాడు.

"నీ డబ్బా పక్కన డబ్బా మోసిన మా ఆయన్ని మింగింది అదే కదా మామా," అంది వదిన. "నా చేలో అదే పోశావా?"

"పోశాను."

నాకు ఒళ్లు మండిపోయింది. శత్రువు ఒకవైపు మెడ పట్టుకుంటే, రెండోవైపు మనమే అందించాం. పైగా ఆ మూతెడుకు చారల పురుగు ఎప్పుడో అలవాటు పడిపోయిందట. చచ్చినవల్లా దాని గుడ్లు తినే చిన్న పురుగులేనని లాబ్ అమ్మాయి చెబుతుంటే డబ్బా మామ తలెత్తలేదు.

"ఈ సంగతి బయటికి పొక్కనివ్వొద్దు," అన్నాడు కుర్రాడు.

"దాస్తే మన జుట్టు వాళ్ల చేతికిచ్చినట్టే," అంది వదిన. "మన తప్పు మనం చెబుదాం. వాళ్ల తప్పు అందరికీ చూపిద్దాం."

చాలాసేపు అరుచుకున్నాం. చివరికి ఆమె మాటే నిలిచింది.

కంపెనీ లారీ వచ్చిన రోజు అందరం గేటు దగ్గర చేరాం. లారీలోంచి దించిన డ్రమ్ములోది ఒక బుట్టలోని దుంప కొమ్మల మీద, షెడ్డులో మగ్గిన డ్రమ్ములోది ఇంకో బుట్టలోని కొమ్మల మీద కొట్టాం. రెండింట్లో పిల్ల పురుగులు వేసి పైన దోమతెర కప్పాం. వంతులు వేసుకుని అక్కడే కూర్చున్నాం. మేనేజరు వెళుతూ వస్తూ, "పురుగుల్ని పెంచుకుంటున్నారా?" అని నవ్వేవాడు.

వారం తిరక్కముందే నవ్వు ఆగింది. ఒక బుట్టలో ఆకులకు చిన్న చిన్న చిల్లులు, అడుగున రాలిన పురుగులు. రెండోదాంట్లో ఈనెలు. చూడటానికి చుట్టుపక్కల ఎస్టేట్ల కూలీలు కూడా వచ్చారు. వదిన రెండు బుట్టలూ ఎత్తి మేనేజరు బల్ల మీద పెట్టింది. పాత మందు కలిపిన సంగతి కూడా తనే చెప్పింది.

మేనేజరు బుట్టల వంక తీరిగ్గా చూశాడు.

"బాగుంది. అయితే ఏంటి? మందు ఎక్కడ ఉంచాలో ఒప్పందంలో లేదు. పాత మందు కలపకూడదని ఉంది. కలిపామని మీరే ఒప్పుకున్నారు. ఇక వెళ్లండి."

అంతే. నిజం చూపిస్తే చాలనుకున్నాం. ఎంత అమాయకులం. నిజం మాకంటే ముందే ఆయనకు తెలుసు. ఆ డ్రమ్ముల్ని ఎండలో పెట్టించింది ఆయనే కదా.

వదిన బయటికి వచ్చి, నేరుగా చల్లగదిలోకి వెళ్లి, ఒక పూల పెట్టె ఎత్తుకొచ్చి ఎండలో పెట్టింది. మళ్లీ లోపలికి వెళ్లింది. రెండో పెట్టెకు ఆమె వెనక నేనున్నాను. మూడో పెట్టెకు ఎవరెవరున్నారో చెప్పడం కష్టం. పెట్టెలు బయటికి, ఆ పొద్దున్నే ఇంకో లారీలో వచ్చిన డ్రమ్ములు లోపలికి. లాబ్ అమ్మాయి తలుపు దగ్గర నిలబడి ఏ డ్రమ్ము ఎక్కడ పెట్టాలో చెప్పింది. ఆమె ఉద్యోగం ఆ పూటే పోయింది.

పోలీసు జీపు వచ్చేసరికి గది నిండా మందే ఉంది.

"మొదటి పెట్టె ఎవరు తీశారు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"నేనే," అంది వదిన.

ఆమెను జీపు ఎక్కించారు. నినాదం ఇస్తుందని కాలేజీ పిల్లలు పిడికిళ్లు బిగించి ఎదురు చూశారు. వదిన కిటికీలోంచి తల బయటికి పెట్టి డబ్బా మామను పిలిచింది.

"మామా, పొద్దు వాలాక నా చేలో కొట్టండి. ఆకు అడుగున కొట్టండి. పిల్ల పురుగులన్నీ అడుగునే ఉంటాయి."

జీపు కదిలింది. డబ్బా మామ పాత మందు సీసా తీసుకెళ్లి మేనేజరు బల్ల మీద పెట్టి వచ్చాడు.

మోటారు షెడ్డు తాళం నేను జాకీ రాడ్డుతో పగలగొట్టాను. ఎండ తగ్గాక డబ్బాలు నింపాం. మామ అలవాటుగా మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఒక్క క్షణం ఆగి, మూత బిగించి, డబ్బా భుజాలకు తగిలించుకున్నాడు. ముఠా అంతా చేలోకి దిగింది. కౌలుదార్లు, కాలేజీ పిల్లలు ముందు నడుస్తూ ఆకులు తిప్పి పట్టుకుంటే, వెనక వాళ్లు అడుగున కొట్టారు.

జీపు మళ్లీ వచ్చింది. చేను మీది కాదు, బయటికి రండి అని ఇన్‌స్పెక్టరు గట్టు మీద నుంచి అరిచాడు. ఒక్క చెయ్యీ ఆగలేదు. ఆయన మళ్లీ అరిచాడు.

డబ్బా మామ తల తిప్పకుండానే జవాబిచ్చాడు.

"ఈ సాలు అయ్యాక వస్తాం బాబూ. ఆ జీపు మాకు చాలదు, పెద్ద బండి తెప్పించండి."