ఆయన గొంతు

ఆడబిడ్డ పెట్టెతో సహా దిగినప్పుడే గంటకు అనుమానం రావలసింది. ముందు ఫోను లేదు, కబురు లేదు. ఆటో దిగి, పెట్టె తనే మోసుకుంటూ లోపలికొచ్చి, చెప్పులు విప్పకుండానే వంటింటి గుమ్మం దాకా వెళ్ళి ఆ గుమ్మాన్ని కొలుస్తున్నట్టు చూసింది.

"ఎన్నాళ్ళుంటారు వదినా?" అంది గంట, మంచినీళ్ళు అందిస్తూ.

"వాళ్ళు ఎన్నాళ్ళంటే అన్నాళ్ళు."

"వాళ్ళెవరు?"

ఆడబిడ్డ నీళ్ళు తాగింది. "ఈ గుమ్మంలో పట్టే కుర్చీ ఏదైనా ఉందా? నడుం నొప్పి నాకు. కింద కూర్చోలేను" అంది.

గంట కుర్చీ తెచ్చి వేసింది. తన కాపలాకి తనే కుర్చీ వేసుకుంటున్నానని అప్పటికి తెలియదు పిచ్చిదానికి.

గంట అనేది ఆమె అసలు పేరు కాదు. చిన్నప్పుడు ఆమె ఏడిస్తే నాలుగు వీధుల అవతల మేనమామకు వినిపించేదట. ఆయన పెట్టిన పేరది, పెళ్ళయి ముప్ఫై ఏళ్ళయినా వదల్లేదు. ఆమె భర్త ప్రార్థనామందిరంలో ప్రార్థన చెప్పే గురువు. ఇల్లు కూడా మందిరం వాళ్ళదే. రెండేళ్ళ కిందట ఆయన గొంతులో పుండు లేచింది. డాక్టర్లు ప్రాణం మిగిల్చి గొంతు తీసుకున్నారు. మెడ కింద ఒక రంధ్రం, దానిమీద పలచని గుడ్డ. పెదవులు ఆడతాయి, చప్పుడు రాదు. ఇంట్లో చిన్న చిన్న అవసరాలకి కాగితం మీద రాసి చూపిస్తాడు. కానీ కాగితం చూసి చదివేది చచ్చిన ప్రార్థన అని ఆ మందిరం నమ్మకం. ప్రార్థన నోటి నుంచే రావాలి.

ఆ పెదవులు చదవగలిగింది గంట ఒక్కతే. కొడుకు కూడా ప్రయత్నించాడు. తండ్రి "దుప్పటి" అంటే "చపాతీనా?" అన్నాడు. ముప్ఫై ఏళ్ళు ఒక మనిషి ముఖం చూస్తూ బతికినవాళ్ళకే వచ్చే విద్య అది, ఒకరు నేర్పేది కాదు.

మందిరం పెద్దలు చాలా రోజులు తర్జనభర్జనలు పడ్డారు. అక్కడ ఆడవాళ్ళు తెర వెనక కూర్చోవాలి, ప్రార్థన మనసులోనే అనుకోవాలి, పైకి అనకూడదు. దేవుడికి ఆడగొంతు చెవిపోటు తెప్పిస్తుందని కాబోలు. నేల కడగడానికీ తెరలు ఉతకడానికీ మాత్రం ఆడచేతులు పడవచ్చు. చివరికి అందరికంటే పెద్దాయన, కలప అడితి యజమాని, తీర్పు చెప్పాడు. "గొంతు ఆడదే కావచ్చు, మాట మాత్రం మన గురువుగారిదే. గొట్టంలోంచి నీళ్ళొస్తే గొట్టానికి దణ్ణం పెడతామా?" అన్నాడు. అందరూ నవ్వారు. గంట కూడా నవ్వింది. మొగుడి కొలువు నిలబడింది కదా అనుకుంది.

అలా రెండేళ్ళు ఆమె గొట్టంగా పనిచేసింది. తెర చీలిక దగ్గర నిలబడి ఆయన పెదవులు చూస్తూ, ఆయన ఏమంటే అదే అనేది. ఒక మాట పెంచలేదు, ఒక మాట మింగలేదు.

కిందటి వారం ఒక పిల్ల వచ్చింది. కన్న బిడ్డ మూడో రోజే పోయింది. పాలు పొంగి రవిక ముందంతా తడిసిపోయి, పైట అడ్డం పెట్టుకుని తెర వెనక మూలగా కూర్చుంది. ఆమె కోసం ప్రార్థన చెప్పమన్నారు. గురువుగారు లేచి నిలబడ్డాడు. ఆ మందిరంలో దేవుడికి మూడే పేర్లు: తండ్రీ, రాజా, యజమానీ. ఆయన ముప్ఫై ఏళ్ళుగా వాటితోనే మొదలుపెట్టేవాడు. ఆ రోజు పెదవులు వేరేగా కదిలాయి.

తప్పు చదివానేమోనని గంట కళ్ళతోనే మళ్ళీ అడిగింది. ఆయన మళ్ళీ అన్నాడు, ఈసారి నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి. అప్పుడు ఆమె పైకి చెప్పింది.

"మమ్మల్ని కడుపున మోసిన తల్లీ, నొప్పులు పడి కన్న తల్లీ, ఈ బిడ్డను నీ ఒళ్ళోకి తీసుకో. ఈ తల్లి పాలు వృథా కానివ్వకు."

మూల కూర్చున్న పిల్ల గొల్లుమంది. ఆమె వెనక ఇంకొకామె "తల్లీ" అని పైకే అనేసింది. ఆ వెంటనే మరొకామె. మగవాళ్ళ వైపు ఒక్కరూ కదల్లేదు. కలప పెద్దాయన మాత్రం మెల్లగా తల తిప్పి, ఏ గొంతు ఎవరిదో గుర్తుపడుతున్నట్టు తెర మీద కళ్ళు నిలిపాడు.

ఇంటికొచ్చాక గంట అడిగింది. "ఏమండీ, అలా అన్నారేమిటి?"

ఆయన పెదవులు కదిపాడు. ఆపరేషన్ అయ్యాక ఒళ్ళు మండిపోతుంటే పిలిచాను. రాజూ రాలేదు, యజమానీ రాలేదు. ఎవరో వచ్చి తల నిమిరారు. ఆ చెయ్యి తండ్రిది కాదే.

గంటకు కళ్ళు నిండాయి. ఇన్నేళ్ళ కాపురంలో ఆయన మీద అంత ప్రేమ ఎన్నడూ కలగలేదు. "పెదవి దాటితే పృథివి దాటుతుందండీ. ఊరుకుంటారా వాళ్ళు?" అంది. ఆయన ఆమె చెయ్యి పట్టుకున్నాడు. నేనున్నాను, అన్నాయి పెదవులు. ఆమెకు కొండంత ధైర్యం వచ్చింది.

ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. అసలు భయం అక్కడే ఉంది. తిట్టేవాడితో పేచీ లేదు, ఏం తిడుతున్నాడో తెలుస్తుంది. ఎదురింటావిడ బట్టలు ఆరేస్తూ గంటను చూసి, తడిబట్టల బకెట్టు అక్కడే వదిలేసి లోపలికి పోయింది. కిరాణా కొట్టువాడు సరుకులు చేతికివ్వకుండా బల్లమీద పెట్టి వెనక్కి జరిగాడు. మందిరం తుడవడానికి వెళితే పాత పలచని తెర తీసేసి మందపాటిది వేలాడదీశారు. నిలబడే చోట చీలిక తప్ప అంతా కుట్టేశారు. బిడ్డ పోయిన పిల్లను పుట్టింటికి పంపేశారట. "ఎందుకూ?" అని గంట అడిగితే తుడుస్తున్న ఆడవాళ్ళు నేలనే ఇంకా గట్టిగా తుడిచారు.

ఆ మర్నాడే ఆడబిడ్డ దిగింది. ఆమె వచ్చిన సాయంత్రమే పెద్దలు నలుగురూ వచ్చారు.

"కాఫీ పెట్టనా?" అంది గంట.

"ఏమీ వద్దమ్మా" అన్నాడు కలప పెద్దాయన. ఆయన ఎన్నడూ గొంతు పెంచి ఎరగడు. కుర్చీని ఒక్క వేలితో కదిపి చూసి, గట్టిగా ఉందని నిర్ధారించుకుని కూర్చున్నాడు. కొడుకు గోడవార నిలబడ్డాడు. వాడు తండ్రి తర్వాత ఆ కొలువు తనదేనని ఆశపడుతున్నాడు, ముఖం పాలిపోయి ఉంది.

"గురువుగారూ, మీ ఆరోగ్యం బాగోలేదు, శ్రమపెట్టను" అన్నాడు పెద్దాయన. "కాగితాలూ కలాలూ వద్దు. తల ఊపితే చాలు. ముందు ఒక్క సంగతి మీ చెవిన వేస్తాను. మన దేవుణ్ణి ఆడదాన్ని చేసిన మాట మీదైతే, ఈ కొలువు మీ తర్వాత మీ ఇంట్లో ఉండదు. ఈ ఇల్లూ ఉండదు. ఆ మాట ఈవిడదైతే పెద్ద సంగతేం కాదు. ఆడమనిషి, ఏదో ఆవేశం. ఏడాది మౌనం, అంతే."

అంతే అన్నాడు. ఆ మౌనం ఏమిటో గంటకు తెలుసు. బట్టల కొట్టువాళ్ళ కోడలికి ఒకసారి వేశారు, ప్రార్థన మధ్యలో నవ్విందని. ఏడాదిపాటు ఆమె ఎవరితోనూ మాట్లాడకూడదు, ఆమెతో ఎవరూ మాట్లాడకూడదు, ఇంట్లో కూడా. కాపలాకి ఒక మనిషి. నోరు జారితే ఇంటినుంచీ మందిరంనుంచీ వెలి. ఆ కోడలి గడువు తీరి చాలాకాలమైంది. ఆమె ఇప్పటికీ నోరు తెరవలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు.

గంట తలుపు పక్కన నిలబడి భర్తను చూసింది. పాపం, ముందు నుయ్యి, వెనక గొయ్యి. అయినా ఆమెకు భయం లేదు. నేనున్నాను అన్నాడు కదా.

"ఆ మాట మీరన్నారా గురువుగారూ?"

ఆయన మెడ దగ్గరి గుడ్డ పైకీ కిందికీ ఆడింది. కొడుకును చూశాడు. గోడల్ని చూశాడు. గంటను చూడలేదు. తల అడ్డంగా ఊపాడు.

గంటకు ముందు నవ్వొచ్చింది. పొరపాటున అటు ఊపాడనుకుంది. "ఏమండీ, నేను రెండోసారి అడిగి మరీ చెప్పాను కదా! మీరు మళ్ళీ అన్నారు కదా! చెప్పండి!" అంది. ఆ గొంతుకి పక్కింటి కిటికీ ఒకటి మూసుకుంది.

ఆయన నేల చూస్తున్నాడు.

"గొట్టం మాట్లాడకూడదమ్మా" అన్నాడు పెద్దాయన, ఎంతో దయగా. తర్వాత ఆడబిడ్డ వైపు తిరిగి, "ఇప్పటినుంచి" అన్నాడు.

ఆయన లేవగానే ఆడబిడ్డ ఆ కుర్చీ తీసుకెళ్ళి వంటింటి గుమ్మంలో వేసుకుంది.

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. ఇప్పుడా ఇంట్లో అసలు మొగుడే అరకొర, ఆవిడే నిండు మొగుడు. గంట గిన్నె కింద పెట్టినా తల తిప్పి చూసేది, దగ్గినా చూసేది. పోనీ తమ్ముడి సంగతి ఆమెకు తెలుసా అంటే అదీ లేదు. ఆయన దిండు అడిగితే వేణ్ణీళ్ళు తెచ్చింది. కిటికీ మూయమంటే కాళ్ళు పట్టింది. ఆయన విసుక్కుని గంట వైపు చూసేవాడు. గంట కూర తరుగుతూ ఉండేది. ఆయన ఏం అడుగుతున్నాడో ప్రతి మాటా ఆమెకు తెలుస్తూనే ఉంది. తెలియకుండా ఉంటే ఎంత బాగుండునో అని ఒకసారి ఏడుపొచ్చింది. చప్పుడు కాకుండా ఏడవడం అప్పటికే వచ్చేసింది.

వారం తిరిగింది. మందిరంలో తండ్రి పక్కన కొడుకు నిలబడ్డాడు. తండ్రి పెదవులు చూసి వాడు చెప్పాలి. వాడికి ఒక్క అక్షరం తెలియదు, కానీ పాత ప్రార్థన కంఠతా వచ్చు, ఇంకేం కావాలి? గంటను తెర వెనక కలప పెద్దాయన భార్యకూ ఆడబిడ్డకూ మధ్యన కూర్చోబెట్టారు. చీలికలోంచి ఆయన ముఖం కనబడుతోంది.

"తండ్రీ, రాజా, యజమానీ" అని కొడుకు ఖంగుమని ఎత్తుకున్నాడు.

గురువుగారి పెదవులు అది అనలేదు.

ఆ మాట నాది, అన్నాయి. నేనే అన్నాను. నా భార్య అబద్ధమాడలేదు. ఇంటి కోసం, కొడుకు కోసం నేనే అబద్ధమాడాను. తల్లీ, నేను పిరికివాణ్ణి.

"నీ సేవకులమైన మమ్మల్ని నీ కోపం నుంచి కాపాడు" అన్నాడు కొడుకు.

నా భార్యను విడిచిపెట్టండి, అన్నాయి పెదవులు. ఆయన చెంపల మీదుగా నీళ్ళు కారుతున్నాయి. "ఎంత భక్తో చూడండి" అని మగవాళ్ళలో ఎవరో గొణిగారు. కలప పెద్దాయన కూడా కళ్ళు తుడుచుకున్నాడు.

ఆయన చెప్పడం ఆపి తెర వైపు చూశాడు. ఎదురుచూశాడు. గంటకు అర్థమైంది, ఆయన తన కోసమే ఆగాడు. ఎప్పటిలాగే ఆమె లేచి నిలబడి ఆ మాటలు పైకి చెప్పాలి. ఆమె ఛాతీ నిండా గాలి పీల్చింది. ఒక్క అరుపు చాలు, నాలుగు వీధులు వినేవి.

నోరు తెరవబోయి ఆగింది. అరిస్తే మౌనం తప్పిన దోషం తనది. అప్పుడు పెద్దాయన మెల్లగా లేచి మళ్ళీ అడుగుతాడు: గురువుగారూ, ఈ మాటలు మీరన్నారా? అప్పుడా తల ఎటు ఊగుతుంది? ముప్ఫై ఏళ్ళ కాపురం చేసి, దుప్పటీ దిండూ మొదలుకొని ఆయన మనసులోని దేవుడి దాకా అన్నీ చదివిన మనిషికి ఆ ఒక్కటీ తెలియలేదు. తప్పు ఒప్పుకోవడానికి కూడా నా గొంతే కావాలా ఈయనకి అనుకుంది.

ఊపిరి మెల్లగా వదిలేసింది. పక్కన పెద్దాయన భార్య ఆమె పెదవుల వైపే చూస్తోంది.

ఇంటికొచ్చాక ఆయన ఆమె ముంజేయి పట్టుకున్నాడు. ఎందుకు చెప్పలేదు? అన్నాయి పెదవులు. అందరి ముందూ ఒప్పుకున్నాను కదే, ఎందుకు చెప్పలేదు?

గంట చెయ్యి విడిపించుకుని కాగితం, పెన్సిలు తెచ్చి ఆయన ముందు పెట్టింది. కాగితం మీద వేలితో తట్టింది. ఆ మాట నాది అని మూడు మాటలు రాస్తే చాలు, పెద్దాయన ఇల్లు రెండు వీధుల అవతలే. ఆయన కాగితాన్ని చూశాడు, పెన్సిలును చూశాడు, గుమ్మంలో కుర్చీలో ఉన్న అక్కను చూశాడు. రెండు చేతులూ చంకల్లో పెట్టుకున్నాడు.

అప్పుడు గంట ఆయనకు ఎదురుగా కూర్చుంది. ముఖం దగ్గరగా పెట్టి, చప్పుడు లేకుండా, ఒక్కో మాటా విడదీసి పెదవులు కదిపింది.

రెండేళ్ళు మీ మాటలన్నీ నేను మోశాను. ఆ ఒక్క మాట మీరు మొయ్యండి.

ఆయన ముందుకు వంగాడు. కళ్ళు చికిలించి ఆమె పెదవుల్నే చూశాడు. ఏమిటీ? అన్నాడు. ఆమె ఇంకోసారి అంది. ఏమిటీ? అన్నాడు మళ్ళీ.

"ఏమంటోందిరా?" అంది గుమ్మంలోంచి ఆడబిడ్డ, కుర్చీలోంచి సగం లేచి.

ఆయన బిక్కముఖం వేసుకుని అక్క వైపు తిరిగాడు. నిజంగానే ఆయనకు ఒక్క ముక్కా అర్థం కాలేదు.