జకరయ్య ఎర్ర సంచి, ఐదు ప్రశ్నలు

నేను ఒక ఎర్ర రెగ్జిన్ సంచిని. ముషీరాబాదులో ఆటో సీట్లు కుట్టే దుకాణంలో, సీట్లకు పోగా మిగిలిన ముక్కలతో పుట్టాను. సీటు దక్కకపోయినా చోటు దక్కింది. మొదట ఒక మందుల కంపెనీ ప్రతినిధి నన్ను మోశాడు. రెండేళ్ళపాటు డాక్టర్ల గుమ్మాల ముందు కూర్చోవడమే నా ఉద్యోగం. ఆయనకు ప్రమోషన్ రాగానే నన్ను పక్కింటి జకరయ్య చేతిలో పెట్టాడు. బొల్లారం జకరయ్య లష్కర్ లయన్స్ ఫుట్‌బాల్ జట్టుకు ట్రైనర్.

ట్రైనర్ అంటే ఆట నేర్పేవాడనుకునేరు. ఆట నేర్పేవాడు కోచ్. ఆడేవాళ్ళ ఒళ్ళు చూసేవాడు ట్రైనర్. మ్యాచ్‌కు రెండు గంటల ముందే వచ్చి ఇరవై రెండు చీలమండలకు పట్టీలు చుడతాడు. పట్టేసిన పిక్కలు పిసుకుతాడు. మోకాలికీ బోడిగుండుకీ ముడిపెట్టకూడదని లోకం అంటుంది గానీ, మా వృత్తే అది. కీళ్ళు చూసేవాడు ఎంత కీలకమైనా, గోల్ కొట్టినవాడికే గోల. మేం మైదానంలోకి పరిగెత్తితే గ్యాలరీలోంచి వినిపించేది ఒకటే కేక: "ఓ నీళ్ళాయనా, జెర జెల్ది ఉరుకు!" నా పొట్టలో నీళ్ళ సీసా ఒక్కటే. మిగతాదంతా పత్తి, పట్టీలు, కత్తెర, ఐస్.

ఎవరి తలకైనా దెబ్బ తగిలితే జకరయ్య పక్కన కూలబడి ఐదు ప్రశ్నలు అడిగేవాడు. ఇది ఏ గ్రౌండు? ఏ హాఫ్? చివరి గోల్ ఎవరిది? పోయిన మ్యాచ్ ఎవరితో ఆడాం? గెలిచామా? మెదడు అదిరితే జవాబు తడబడుతుంది. తొమ్మిదేళ్ళుగా అవే ప్రశ్నలు, అదే వరస. అక్కడే మా పెద్దాయన పొరబడ్డాడు. ఆటగాళ్ళు కూడా ఒకప్పుడు బడికి పోయి పరీక్షలు రాసినవాళ్ళే కదా! నేను పట్టీలు మోస్తుంటే వాళ్ళు బట్టీలు పట్టారు. విరామంలో జకరయ్య ఐస్ కోసం బయటికి వెళ్ళగానే, నా పక్కనే బెంచీ మీద కూర్చుని ఆ రోజు జవాబులు వల్లించేవారు. నాకు జిప్పు ఉంది గానీ నోరు లేదు.

సెమీఫైనల్ గచ్చిబౌలిలో. జాతీయ శిబిరానికి ఎంపిక చేసే పెద్దలు మా మోతీరాంను చూడటానికే వచ్చి కూర్చున్నారు. ఉట్నూరు నుంచి వచ్చిన ఫార్వర్డ్ అతను. తలచుకుంటే గోలే, ఎందుకంటే కొట్టేది తలతోనే. రెండో హాఫ్‌లో, స్కోరు ఒకటి ఒకటి ఉండగా, బంతికోసం ఎగిరి అవతలి డిఫెండర్ తలను ఢీకొట్టి పడిపోయాడు. మేం ఉరికాం.

ఐదు ప్రశ్నలకూ టకటకా ఐదు జవాబులు. అన్నీ ఒప్పే. జకరయ్య నా జిప్పు మూయబోతూ నీళ్ళ సీసా అందించాడు. మోతీరాం చెయ్యి సీసాకు జానెడు పక్కన గాలిని పట్టుకుంది.

"జకరయ్యా, లేపవయ్యా వాణ్ణి! పెద్దోళ్ళు చూస్తున్నరు!" మైదానం గీత అవతలి నుంచి కోచ్ ఆంటోనీ అరుపు.

జకరయ్య మళ్ళీ వంగాడు. ఈసారి ప్రశ్నల వరస కింది నుంచి పైకి.

"మోతీ, పోయిన మ్యాచ్ గెలిచినమా?"

"గచ్చిబౌలి."

"ఎవరితోని ఆడినం?"

"రెండో హాఫు."

ఎంత ధీమాగా చెప్పాడంటే, రెండో హాఫు అనే జట్టు ఒకటి ఉందేమోనని నాకే అనుమానం వచ్చింది. జకరయ్య బెంచీ వైపు తిరిగి, మనిషిని మార్చమని చేతులు గిర్రున తిప్పాడు.

"అన్నా, ఈ దినం పోతే నా బతుకు ఆగమైతది. ఇంక ఇరవై నిమిషాలే. నీ కాళ్ళు మొక్కుత."

"నీ కాళ్ళు రోజూ నేనే పట్టుకుంటున్న గదరా. లే, నడువు."

గ్యాలరీ మమ్మల్ని బూతులతో సాగనంపింది. ఒక గోల్ తేడాతో ఓడాం. డ్రెస్సింగ్ రూములో ఆంటోనీ సార్ అన్న మాటలను నా రెగ్జిన్ కూడా మోయలేదు. జకరయ్య తలవంచుకుని కత్తెర తుడుచుకుంటున్నాడు. మోతీరాం ఏదో అనబోయి లేచాడు, తూలాడు, నా మీదికి వంగి భళ్ళున వాంతి చేసుకున్నాడు. నా జిప్పు తీసే ఉంది.

ఆసుపత్రిలో స్కాన్ తీశారట. మెదడులో వాపు. ఆ ఇరవై నిమిషాల్లో ఇంకో దెబ్బ తగిలితే మనిషి దక్కేవాడు కాదన్నారట. ఆరు వారాలు ఆట బంద్. శిబిరంలో చోటు ఇంకెవరికో పోయింది.

నన్ను మూడుసార్లు కడిగినా వాసన పోలేదు. జకరయ్యకు నీలం సంచి ఇచ్చారు. నేను స్టోరు గదిలో గాలి పోయిన బంతులు మోస్తున్నాను. కిటికీ జాలీలోంచి ప్రాక్టీసు కనిపిస్తుంది.

మోతీరాం తిరిగొచ్చి పది రోజులైంది. జకరయ్యతో ఒక్క మాట లేదు. పట్టీలు తనే వంకరటింకరగా చుట్టుకుంటున్నాడు. నిన్న హెడ్డర్లు ప్రాక్టీసు చేస్తున్నారు. మూడో బంతిని కొట్టి కిందికి దిగిన మోతీరాం దిగినచోటే ఆగాడు. ఎవరూ గుద్దలేదు, ఎవరూ గమనించలేదు. కోచ్ నాలుగో బంతి విసరడానికి చెయ్యి ఎత్తాడు. మోతీరాం మెల్లగా గీత దాటి వచ్చి జకరయ్య ముందు నిలబడ్డాడు.

"అన్నా, తల తిరుగుతున్నది."

జకరయ్య ఏమీ అడగలేదు. బెంచీ మీది నీలం సంచి పక్కకు జరిపాడు.

"కూసో" అన్నాడు.